ఏ బైబిల్ కొనాలి? తెలుగు అనువాదాలు, ఇంగ్లీషు వెర్షన్లు, వాటి మీద జరిగే గొడవ

బైబిల్ కొనడానికి షాపుకి వెళ్తే జిప్పు కవరు కావాలా, అక్షరాలు పెద్దవా చిన్నవా, అంచుకి బంగారు పూత ఉండాలా అని అడుగుతారు గానీ ఏ అనువాదం కావాలని దాదాపు ఎవరూ అడగరు. తెలుగులో బైబిల్ అంటే ఒకటే అన్న లెక్క అలా స్థిరపడిపోయింది. ఫోన్‌లో యాప్ వేసుకున్నాకే తెలుస్తుంది, తెలుగులోనే నాలుగైదు ఉన్నాయని, ఇంగ్లీషులో అయితే పదుల్లో ఉన్నాయని. ఈలోపు వాట్సాప్‌లో "ఎన్‌ఐవీలో వచనాలు తీసేశారు, జాగ్రత్త" అని మెసేజ్ వస్తుంది (ఎన్‌ఐవీ అంటే న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ అనే ఇంగ్లీషు బైబిల్), పాస్టర్ గారు ఒకటి చెబుతారు, యూత్ మీటింగ్‌కి వచ్చిన స్పీకర్ ఇంకొకటి చెబుతాడు, యూట్యూబ్‌లో మూడో ఆయన ఇద్దరినీ తిడతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగు చదివే ఇంటికి రెండు అనువాదాలు కావాలి: పాత అనువాదం ఒకటి, వాడుక భాషలోది ఒకటి. ఇంగ్లీషుది ఆ తర్వాత, అదీ ఇంగ్లీషులో చదవడం నిజంగా అలవాటున్నవాళ్లకే. ఇక కేజేవీ (1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ వెర్షన్) ఒక్కటే అసలైన బైబిల్ అనే వాదన ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో పెరిగిన వాదన. దాన్ని తెచ్చి తెలుగు సంఘానికి అతికిస్తే అతకదు. ఎందుకు అతకదో కాస్త వివరంగానే చెప్పాలి, దానికి ముందు ఏ కొలతలతో చూడాలో చూద్దాం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, ఎక్కడ చదువుతారు అన్నది. ఆదివారం సంఘంలో అందరితో కలిసి గట్టిగా చదవడానికి కావాల్సిన పుస్తకం వేరు, పొద్దున్నే ఒక్కరే కూర్చుని అర్థం చేసుకుంటూ చదవడానికి కావాల్సింది వేరు, పిల్లలకి చదివి వినిపించేది ఇంకా వేరు. చాలా గొడవలు ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే వస్తున్నాయి.

రెండోది అనువాద పద్ధతి. మూలంలోని హెబ్రీ, గ్రీకు మాటలకి వీలైనంత దగ్గరగా మాటకు మాట పెట్టుకుంటూ వెళ్లడం ఒక పద్ధతి. మూలం ఏం చెబుతోందో పట్టుకుని దాన్ని ఇవాళ్టి వాక్యంలో చెప్పడం ఇంకొకటి. మొదటి దాంట్లో మూలం ఆకారం కనిపిస్తుంది, కానీ వాక్యం బరువుగా ఉంటుంది. రెండో దాంట్లో చదువు సాఫీగా సాగుతుంది, కానీ రెండు అర్థాలకి వీలున్న చోట అనువాదకులు ఒకటి తేల్చేసి ఇస్తారు, మీకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఏ అనువాదమూ పూర్తిగా ఒక వైపు ఉండదు.

మూడోది ఏ గ్రీకు ప్రతిని బట్టి చేశారన్నది. "తీసేసిన వచనాల" గొడవంతా ఇక్కడిదే.

నాలుగోది ఎన్ని పుస్తకాలు. ప్రొటెస్టెంట్ బైబిల్‌లో 66, కతోలిక బైబిల్‌లో 73. తోబీతు, యూదితు, జ్ఞానగ్రంథం, సీరా, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు, ఎస్తేరు దానియేలులో అదనపు భాగాలు, ఇవీ తేడా. ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్లకి పెళ్లి కానుకగా 66 పుస్తకాల బైబిల్ ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొనేముందు ఒక్క మాట అడిగితే పోతుంది.

## తెలుగులో ఏమేం ఉన్నాయి

| అనువాదం | భాష | ఎవరికి బాగుంటుంది | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|
| పాత అనువాదం (బైబిల్ సొసైటీ) | గ్రాంథికం | సంఘంలో చదవడానికి, కంఠత వాక్యాలకి | పత్రికలు (పౌలు వగైరాల ఉత్తరాలు), ప్రవక్తల గ్రంథాలు ఒంటరిగా చదివేటప్పుడు |
| ఈఆర్‌వీ (ఈజీ టు రీడ్ వెర్షన్), సులభ తెలుగు | వాడుక, చిన్న వాక్యాలు | కొత్తగా చదివేవాళ్లు, పిల్లలు | లోతుగా ఒక్కో మాట పట్టుకుని చదివేటప్పుడు |
| ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) | వాడుక, కాస్త మాటకు మాట | అధ్యయనానికి, పాతదానితో పోల్చుకోడానికి | సంఘంలో అలవాటు తక్కువ |
| తెలుగు సమకాలీన అనువాదం (బిబ్లికా) | ఇవాళ్టి రాత భాష | రోజువారీ చదువుకి | సంఘంలో అలవాటు తక్కువ |
| కతోలిక అనువాదం | పూజకు తగినట్టు | కతోలికులు, 73 పుస్తకాలూ కావాల్సినవాళ్లు | ప్రొటెస్టెంట్ సంఘంలో పక్కవాళ్లతో కలిసి చదవలేరు |

పాత అనువాదం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన చెవిలో ఉన్నది అదే. తెలుగులో బైబిల్ పని చాలా పాతది. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1720ల్లోనే అనువాదం మొదలుపెట్టాడు, కానీ అది అచ్చుకి నోచుకోలేదు. తర్వాత విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు క్రాన్, డెస్ గ్రాంజెస్, వాళ్లతోపాటు ఆనంద రాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి కలిసి చేసిన సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటినుంచి ఎంతోమంది చేతులు మారి, సవరణలు జరిగి, ఇప్పుడు మన దగ్గరున్న పాత అనువాదం అయింది. గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక ఉద్యమం పత్రికల్నీ పాఠ్యపుస్తకాల్నీ మార్చింది గానీ ఈ పుస్తకం జోలికి రాలేదు. అందుకే ఇవాళ్టికీ పదో తరగతి కుర్రాడు "సంచరించినను", "నీవు నాకు తోడై యుందువు" అని చదువుతున్నాడు.

దీని బలం చదవడంలో కంటే వినడంలో ఉంది. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అన్నప్పుడు వచ్చే నడక వాడుక భాషలో రాదు, రాదంతే. ఆస్పత్రి మంచం పక్కన, సమాధి దగ్గర, ఉపవాస ప్రార్థనలో నోటికి వచ్చేది ఇదే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల భాష కూడా దీని భాషే, అందుకని పాటా వాక్యమూ ఒకదాన్నొకటి మోస్తాయి. కీర్తనల్ని ఉత్తర ప్రత్యుత్తరంగా చదివే సంఘాల్లో అయితే ఇంకో అనువాదం పట్టుకెళ్లి కూర్చున్నవాళ్లు ఊరికే పెదాలు కదపాలి.

బలహీనత పౌలు పత్రికల్లో బయటపడుతుంది. రోమా 3:21-26 తెరిచి ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, ఏం చెప్పాడో మీ మాటల్లో చెప్పండి. "కరుణాధారముగా బయలుపరచెను" దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇది మీ తెలివికి సంబంధించిన విషయం కాదు, పౌలు గ్రీకులోనే మెలికలు తిప్పి రాశాడు, దాన్ని వందేళ్లనాటి తెలుగులో చదువుతున్నాం. యోబు, యెషయా, యెహెజ్కేలు కూడా ఇంతే. చాలామంది ఏటా జనవరిలో ఆదికాండము నుంచి మొదలుపెట్టి లేవీయకాండము దగ్గర ఆపేయడానికి భక్తి తక్కువ కావడం ఒక్కటే కారణం కాదని నా అనుమానం.

అక్కడ పనికొచ్చేది ఈఆర్‌వీ. ఈ అనువాదాల వరస అసలు ఇంగ్లీషులో వినికిడి లేనివాళ్ల కోసం మొదలైంది, అందుకే చిన్న వాక్యాలు, సూటి మాటలు. తెలుగులోనూ ఆ గుణం కనిపిస్తుంది. సండే స్కూల్ టీచర్లకి, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకి, తెలుగు మీడియం చదవని పట్నం పిల్లలకి మొదట ఇదే ఇవ్వమంటాను. కాకపోతే ఒకే గ్రీకు మాట నాలుగు చోట్ల వస్తే ఇక్కడ నాలుగు రకాలుగా కనిపించవచ్చు, కాబట్టి "ఈ మాట పౌలు ఎన్నిసార్లు వాడాడో చూద్దాం" అనే తరహా అధ్యయనానికి దీన్ని నమ్ముకోకండి.

ఐఆర్‌వీ మధ్యలో నిలబడుతుంది. వాడుక భాషే, కానీ మూలం వాక్యానికి కాస్త దగ్గరగా ఉంటుంది. దీనికి ఇంకో సుగుణం, ఉచిత లైసెన్స్ కింద విడుదలైంది: ఎవరిదో చెప్పి, అదే షరతు మీద ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, యాప్‌లో పెట్టుకోవచ్చు. కరపత్రాలు వేసేవాళ్లు, వీడియోల కింద వచనాలు పెట్టేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆన్‌లైన్‌లో దొరికింది కదా అని ఏ అనువాదాన్నయినా పుస్తకంగా వేసి అమ్మడం కుదరదు.

బిబ్లికా వాళ్ల సమకాలీన అనువాదం వార్తాపత్రిక భాషకి దగ్గరగా ఉంటుంది, హాయిగా చదివిస్తుంది. ఐఆర్‌వీకీ దీనికీ మధ్య తేల్చుకోలేకపోతే రెండిట్లోనూ యెషయా 53, రోమా 8 చదివి ఏది నోటికి హత్తుకుంటే అది తీసుకోండి. ఈ రెండిటి మధ్య ఎంపిక కోసం ఎక్కువ బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు.

ఇంటింటికీ వచ్చే యెహోవా సాక్షులకి సొంత అనువాదం ఉంది, తెలుగులో కూడా. దాన్ని మామూలు అనువాదాల్లో ఒకటిగా అనుకుని తీసుకోకండి. యేసు దైవత్వం గురించి వాళ్ల సిద్ధాంతమే వేరు, అది అనువాదంలో కనిపిస్తుంది. యోహాను 1:1లో మన పాత అనువాదం "వాక్యము దేవుడై యుండెను" అంటే, వాళ్ల ఇంగ్లీషు బైబిల్ "ఒక దేవుడు" అన్నట్టు చెబుతుంది. తెలిసి చదివితే ఇబ్బంది లేదు.

## "వచనాలు తీసేశారు" అనే గొడవ

ఇప్పుడు అసలు రచ్చ. ఫార్వర్డ్ మెసేజ్‌లో సాధారణంగా ఉండే జాబితా ఇది: మత్తయి 17:21, మత్తయి 18:11, అపొస్తలుల కార్యములు 8:37, 1 యోహాను 5:7. "కేజేవీలో ఉన్నాయి, ఎన్‌ఐవీలో లేవు, కాబట్టి ఎన్‌ఐవీ సాతాను పని" అని తీర్పు.

జరిగిందేమిటంటే, 1611లో కేజేవీ చేసినవాళ్ల చేతిలో ఉన్నది డచ్ పండితుడు ఎరాస్మస్ 1516లో మొదట అచ్చు వేసి, ఆ తర్వాత స్టెఫానస్, బెజా లాంటివాళ్లు సవరించిన గ్రీకు క్రొత్త నిబంధన. ఎరాస్మస్‌కి దొరికినవి కొద్దిపాటి చేతిరాత ప్రతులే, అవి కూడా చాలా ఆలస్యపు కాలానివి. ప్రకటన గ్రంథం చివరి వచనాలు తన ప్రతిలో లేకపోతే లాటిన్ నుంచి వెనక్కి గ్రీకులోకి తిప్పి పూరించాడు. 1 యోహాను 5లో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ పరలోకంలో సాక్ష్యమిచ్చువారు అనే మాట ఆయన మొదటి రెండు ముద్రణల్లో లేదు, విమర్శలొచ్చాక 1522 ముద్రణలో చేర్చాడు. తర్వాతి శతాబ్దాల్లో ఇంకా పాత ప్రతులు వెలుగులోకి వచ్చాయి. సీనాయి కొండ దగ్గరి సెయింట్ కేథరిన్ మఠంలో జర్మన్ పండితుడు టిషెండార్ఫ్ చూసిన ప్రతి, వాటికన్ గ్రంథాలయంలోని ప్రతి, రెండూ 4వ శతాబ్దానివి. వాటిలో ఈ వచనాలు లేవు. అంటే ప్రశ్న "ఎవరు తీసేశారు" అన్నది కాదు, "ఎవరైనా తర్వాత చేర్చారా" అన్నది. కేజేవీ పక్షం వాళ్లు దీనికి జవాబుగా, పాతవి అయినంత మాత్రాన మంచివి కావు, ఎక్కువ ప్రతుల్లో ఉన్న పాఠమే సంఘం కాపాడుకున్న పాఠం అంటారు. వాదించదగ్గ మాటే. కానీ 1 యోహాను 5 విషయంలో ఆ వాదన వాళ్లకే ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే గ్రీకు ప్రతుల్లో అత్యధిక శాతం ఆ వాక్యం లేనివే.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న తెలుగు పాత అనువాదం తెరవండి. 1 యోహాను 5లో సాక్ష్యమిచ్చువారు ఆత్మ, నీళ్లు, రక్తము, అంతే. కార్యములు 8లో నపుంసకుడు నీళ్లు చూసి అడిగిన ప్రశ్న తర్వాత కేజేవీలో ఉన్న 37వ వచనం పాఠంలో కనిపించదు. మత్తయి 17లో 20వ వచనంతో 21 కలిసిపోయి ఉంటుంది, ఉపవాస ప్రార్థన మాట ఉండదు. 1 తిమోతి 3:16లో కేజేవీ "దేవుడు శరీరధారిగా ప్రత్యక్షమయ్యెను" అన్న అర్థంలో చెబితే మనది "ఆయన సశరీరుడుగా ప్రత్యక్షుడయ్యెను". ప్రకటన 22:14లో కేజేవీ ఆజ్ఞలు పాటించేవాళ్లు ధన్యులు అంటే మనది "తమ వస్త్రములను ఉదుకుకొనువారు ధన్యులు". అంటే మన తాతలు చదివి, మోకరించి, కంఠతా పట్టిన పుస్తకం ఈ చోట్లన్నిట్లో కేజేవీ వైపు కాదు, 1881లో ఇంగ్లండ్‌లో వచ్చిన రివైజ్డ్ వెర్షన్ వైపు, అంటే మీరు తిడుతున్న ఎన్‌ఐవీ వైపే ఉంది. పాత అనువాదాన్ని చేతిలో పట్టుకుని "వచనాలు తీసేసిన బైబిల్ చదవొద్దు" అని బోధించేవాళ్లు ముందు ఈ ఐదు చోట్లూ చూసుకుంటే బాగుంటుంది.

వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథ (యోహాను 7:53-8:11), మార్కు 16:9-20 ఇంకో రకం. ఇవి ఆ రెండు పాత ప్రతుల్లో లేకపోయినా కొత్త అనువాదాలు కూడా చాలావరకు వీటిని ఉంచి, బ్రాకెట్లో పెట్టి, కింద గమనిక రాస్తాయి. "క్రొత్త భాషలు మాటలాడుదురు" అనే మాట మార్కు 16లో ఉంది కాబట్టి పెంతెకొస్తు సంఘాల్లో ఈ బ్రాకెట్ చూస్తే మంట. కానీ గమనిక ఉండటం నిజాయితీ. చదివేవాడికి తెలియకుండా దాచడం కంటే అది నయం.

## ఇంగ్లీషులో ఏది

| వెర్షన్ | ఎప్పటిది | పద్ధతి | క్రొత్త నిబంధనకి ఆధారం |
|---|---|---|---|
| కేజేవీ | 1611 (ఇప్పుడు అచ్చయ్యేది ఎక్కువగా 1769 పాఠం) | మాటకు మాట | ఎరాస్మస్ వరస అచ్చు ప్రతి |
| ఎన్‌కేజేవీ (న్యూ కింగ్ జేమ్స్ వెర్షన్) | 1982 | మాటకు మాట | అదే, తేడాలు కింద గమనికల్లో |
| ఎన్‌ఏఎస్‌బీ (న్యూ అమెరికన్ స్టాండర్డ్ బైబిల్) | 1971, 1995, 2020 | బాగా మాటకు మాట | పాత ప్రతుల్ని బట్టి కూర్చింది |
| ఈఎస్‌వీ (ఇంగ్లీష్ స్టాండర్డ్ వెర్షన్) | 2001, తర్వాత సవరణలు | మాటకు మాట వైపు | పాత ప్రతుల్ని బట్టి |
| ఎన్‌ఐవీ | 1978, 1984, 2011 | మధ్యే మార్గం | పాత ప్రతుల్ని బట్టి |
| ఎన్‌ఎల్‌టీ (న్యూ లివింగ్ ట్రాన్స్‌లేషన్) | 1996, తర్వాత సవరణలు | భావానికి భావం | పాత ప్రతుల్ని బట్టి |

కేజేవీ ఇంగ్లీషు గొప్పది, అందులో రెండో మాట లేదు. 1604లో హాంప్టన్ కోర్ట్ సమావేశంలో అనుకుని, నలభై ఏడుమంది దాకా పండితులు కూర్చుని చేసిన పని. కానీ అది ఆకాశం నుంచి ఊడిపడిందన్నట్టు మాట్లాడేవాళ్లకి రెండు సంగతులు: 1611 ముద్రణలో అపోక్రిఫా (ప్రొటెస్టెంట్ల 66లో లేని) పుస్తకాలు కూడా ఉన్నాయి, 1631లో వచ్చిన ఒక ముద్రణలో ఏడో ఆజ్ఞలో "వద్దు" అనే మాట జారిపోయి వ్యభిచారం చేయమని అచ్చయింది, ముద్రాపకులకి జరిమానా కూడా పడింది. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లకి మాత్రం నేను కేజేవీ చెప్పను. అర్థంకాని మాటలతో ప్రమాదం లేదు, డిక్షనరీ చూసుకుంటారు. అర్థమయినట్టు అనిపించే మాటలతోనే ప్రమాదం. 1 థెస్సలొనీక 4:15లో "ప్రివెంట్" అంటే అడ్డుకోవడం కాదు, ముందుగా వెళ్లడం. చిన్నపిల్లల్ని నా దగ్గరకి రానివ్వండి అనే చోట "సఫర్" అంటే బాధపడటం కాదు. కేజేవీ పాఠం మీదే నమ్మకం ఉన్నవాళ్లకి ఎన్‌కేజేవీ సరిపోతుంది: ఆధారం అదే, భాష ఇప్పటిది, ఏ ప్రతిలో ఏముందో కింద నిజాయితీగా రాస్తారు.

ఎన్‌ఐవీ మన దగ్గర ఇంగ్లీషు సంఘాల్లో, కాలేజీ ఫెలోషిప్పుల్లో బాగా వాడుకలో ఉంది. దీన్ని తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఇంట్లో ఉన్న పాత పుస్తకం 1984ది అయితే, ఫోన్‌లో ఉన్నది 2011ది. పిల్లలు ఫోన్‌లో కంఠతా పట్టి నాన్నగారి పుస్తకంలో చూస్తే మాటలు కలవవు, అనవసరపు టెన్షన్. 2011 సవరణలో పౌలు "సహోదరులారా" అన్న చోట "సహోదరీ సహోదరులారా" అన్న అర్థం వచ్చేలా మార్చారు, దాని మీద అమెరికాలో సదరన్ బాప్టిస్టులు అదే ఏడాది వ్యతిరేకంగా తీర్మానం చేశారు. నా మటుకు నాకు ఆ మార్పు తప్పనిపించదు, ఆ ఉత్తరాలు విన్న సంఘాల్లో ఆడవాళ్లు ఉన్నారు కదా.

ఈఎస్‌వీ బోధకులకి, బైబిల్ స్టడీ చేసేవాళ్లకి బాగా నప్పుతుంది. 1971 నాటి ఆర్‌ఎస్‌వీని (రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్) సవరించి చేసింది. గట్టి సంప్రదాయం, స్థిరమైన పాఠం అని పేరు, కానీ ఆ స్థిరత్వాన్ని మరీ నమ్మకండి. 2016లో ప్రచురణకర్తలు ఇక మార్పులు ఉండవని ప్రకటించి కొద్ది వారాల్లోనే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆదికాండము 3:16ని ఆ ఏడాది మార్చిన తీరు మీద పెద్ద గొడవ అయింది, 2025లో దాన్ని మళ్లీ మార్చారు. కతోలికులకి ఇక్కడ ఒక మంచి వార్త: ఈఎస్‌వీ కతోలిక ముద్రణ 2018లో భారత బిషప్పుల ఆమోదంతో బెంగళూరులో అచ్చయింది, ఇంగ్లీషు పూజల్లో పాఠాలకి అదే వాడుతున్నారు.

ఎన్‌ఏఎస్‌బీ సెమినరీ విద్యార్థులకి, గ్రీకు కొంచెం వచ్చినవాళ్లకి. మిగతావాళ్లకి చదవడం కష్టం. ఎన్‌ఎల్‌టీ కథా భాగాలకి, అంటే సమూయేలు, రాజులు, సువార్తలకి అద్భుతంగా ఉంటుంది, ఒక్కసారి కూర్చుంటే పుస్తకం మొత్తం చదివించేస్తుంది. సిద్ధాంతం మీద వాదించుకోవడానికి మాత్రం దాన్ని ఆధారం చేసుకోకండి.

ఒక చిన్న చిక్కు ఇంగ్లీషు తెలుగు రెండూ పక్కపక్కన పెట్టుకునేవాళ్లకి ఎదురవుతుంది. తెలుగు పాత నిబంధనలో ఎక్కడ చూసినా "యెహోవా" ఉంటుంది, ఇంగ్లీషులో అదే చోట పెద్ద అక్షరాల్లో "లార్డ్" ఉంటుంది. కేజేవీలో కూడా "జెహోవా" అని రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే. ఇది అనువాదాల తగువు కాదు, దేవుని పేరును పలకకుండా "ప్రభువు" అని చదివే యూదుల ఆచారాన్ని ఇంగ్లీషు వాళ్లు పాటించారు, తెలుగు అనువాదకులు పేరే రాశారు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఊళ్లో సంఘానికి వెళ్తూ తెలుగే చదివే పెద్దవాళ్లయితే పాత అనువాదం, పెద్ద అక్షరాలది. చూపు ఆనకపోతే అదే పాఠం ఆడియోలో దొరుకుతుంది, ఫోన్‌లో వేసి ఇవ్వండి. వాళ్లకి కొత్త అనువాదం అలవాటు చేయాలని ప్రయత్నించడం దండగ, అరవై ఏళ్లుగా గుండెలో ఉన్న మాటల్ని ఎందుకు కదపడం.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లు, క్రైస్తవ కుటుంబంలో పుట్టనివాళ్లు, ఊరికే తెలుసుకోవాలని చదివేవాళ్లు ఈఆర్‌వీ గానీ సమకాలీన అనువాదం గానీ తీసుకుని లూకా సువార్తతో మొదలుపెట్టండి. గ్రాంథికంతో మొదలుపెట్టమని ఎవరైనా చెబితే వినకండి.

వాక్యం చెప్పేవాళ్ల సంగతి వేరు. సంఘం ముందు చదివేది పాత అనువాదమే అయినా, తయారీకి ఐఆర్‌వీ, దానితో పాటు ఇంగ్లీషు వస్తే ఈఎస్‌వీ లేదా ఎన్‌ఏఎస్‌బీ పక్కన ఉండాలి. మూడూ ఒకే మాట చెబుతుంటే ధైర్యంగా చెప్పండి. మూడూ మూడు రకాలుగా ఉంటే అక్కడ మూలంలోనే ఏదో చిక్కు ఉందని అర్థం, ఆ వచనం మీద ప్రసంగం మొత్తం నిలబెట్టకండి. రోమా 3:25 అలాంటిదే. ఈఎస్‌వీ "ప్రొపిషియేషన్" అంటుంది, అంటే కోపాన్ని చల్లార్చే బలి, ఎన్‌ఐవీ ప్రాయశ్చిత్త బలి అన్నట్టు చెబుతుంది, మన పాత అనువాదం "కరుణాధారము" అంటుంది. వేదాంత పండితులు దీని మీద పుస్తకాలకి పుస్తకాలు రాశారు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న పిల్లలకి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. అమ్మమ్మ పంపిన జిప్పు బైబిల్ షెల్ఫ్ ఎక్కుతుంది. వాళ్లకి చదవడానికి ఎన్‌ఎల్‌టీ, ఇంకా చిన్నవాళ్లయితే ఎన్‌ఐవీ వాళ్లే పిల్లల కోసం తేలిక ఇంగ్లీషులో చేసిన ఎన్‌ఐఆర్‌వీ. తెలుగు మాత్రం చెవి ద్వారా ఇవ్వండి, రాత్రి ఇంట్లో ప్రార్థనప్పుడు కీర్తన పాత అనువాదంలో మీరు చదవండి, వాళ్లు వింటారు. తెలుగు ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్న బైబిల్ కొంటే లోపల వేసిన ఇంగ్లీషు ఏ వెర్షనో చూసి కొనండి. కేజేవీ వేసినదైతే రెండు వైపులా పాత భాషే, పిల్లలకి రెండూ అర్థం కావు.

కతోలికులు పూజలో వినే పాఠం ఇంట్లో కూడా చదవాలనుకుంటే కతోలిక అనువాదమే. ఇంగ్లీషులో ఈఎస్‌వీ కతోలిక ముద్రణ. ప్రొటెస్టెంట్ స్నేహితులతో కలిసి బైబిల్ స్టడీ చేసేవాళ్లు ఐఆర్‌వీ యాప్‌లో పెట్టుకుంటే చాలు.

షాపులో పరీక్షించేటప్పుడు యోహాను 3:16, 23వ కీర్తన తెరవకండి. అవి మీకు ముందే నోటికి వచ్చు కాబట్టి ఏ అనువాదమైనా అర్థమయినట్టే ఉంటుంది, పైగా చెవికి అలవాటైన మాటలు లేకపోతే ఊరికే తప్పనిపిస్తుంది. 2 కొరింథీయులకు 10వ అధ్యాయం, యోబు 38, హోషేయ 11 తెరిచి చదవండి. ముందుమాట కూడా చదవండి, ఏ ప్రతుల నుంచి చేశారో, ఎవరు చేశారో అక్కడే ఉంటుంది. పేజీ కింద గమనికలు ఉన్న ముద్రణ, లేని ముద్రణ రెండూ ఉంటే, కొంచెం ఖరీదైనా గమనికలున్నదే తీసుకోండి. అనుమానమొచ్చిన చోట వాట్సాప్ కంటే ఆ గమనికే ముందు పనికొస్తుంది.